మూడో సొరుగులోని పెన్నీ

పోయినవారం మనం పెద్దాయన గదిలో, నాణేల బీరువా ముందు, ఊపిరి బిగబట్టుకుని నిలబడిపోయాం. ఇంకా అక్కడే ఉన్నాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

పెద్దాయన జీవితమంతా పాత బ్రిటిష్ నాణేలు పోగేశాడు. పోతూ పోతూ ఆ బీరువాను కన్నకూతురికీ ఇవ్వలేదు, కన్నకొడుక్కీ ఇవ్వలేదు. కోడలి చేతిలో పెట్టాడు. "అమ్మినా ఆవిడే అమ్మాలి, ఉంచినా ఆవిడే ఉంచాలి. వాటి మంచిచెడ్డలు తెలిసింది ఆవిడకే" అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. బీరువాలో ఏమేం ఉన్నాయో చూసి విలువ కట్టాలని ఇవాళ ఆడబిడ్డ పట్టుబట్టింది. పెద్దాయన పాత స్నేహితుడైన నాణేల వ్యాపారిని పిలిపించింది. ఆయన మెడలో ఎప్పుడూ అద్దం వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆయన ముందు బాబాయిగారనీ, వెనక భూతద్దమనీ పిలుస్తారు. ఆయన మూడో సొరుగు లాగాడు. అందులో మకుటం లాంటి 1882 పెన్నీని పైకి తీశాడు. అద్దం కంటికి ఆనించి, "ఇది దొంగది" అన్నాడు.

అక్కడ ఆగాం.

ముందుగా నోరు తెరిచింది ఆడబిడ్డే. పెద్ద బళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. గొంతు మాత్రం ఇంకా రిటైర్ కాలేదు.

"విన్నావుటే? దొంగదిట! నాన్న మంచాన పడ్డ దగ్గర్నుంచీ ఈ బీరువా తాళం ఎవరి బొడ్లో ఉంది?"

"నా దగ్గరే ఉంది, వదినా" అంది కోడలు.

"అదిగో. ఆ మాట నీ నోటితోనే వచ్చింది. తర్వాత నేను కల్పించానని అనకు."

"తొందరపడకు పెద్దమ్మాయ్" అన్నాడు భూతద్దం, ఆరుతున్న మంటలో నెయ్యి పోసే గొంతుతో. "పొరపాట్లు ఎక్కడైనా జరుగుతాయి. కాకపోతే ఈ పెన్నీ అసలుదని మీ నాన్నకి చెప్పింది నేనే. ఈ కళ్ళతోనే చూసి చెప్పాను. అప్పుడు అసలుది, ఇప్పుడు దొంగది. బీరువా దానంతటది తెరుచుకుని బజారుకెళ్ళి మార్చుకొచ్చిందంటే నమ్ముదాం."

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న కోడలి భర్త పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు. అక్క అరుస్తున్నా, భార్య తలవంచుకున్నా ఆ మనిషికి వాతావరణ సూచన చదువుకోవడమే ముఖ్యం. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. ఆ సంగతి కోడలికి అలవాటే అయినా, ఇవాళ మాత్రం ఆ పేపరు చప్పుడు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

ఇంతకీ ఆ పెన్నీ గొప్పేమిటంటారా? ఆ ఏడాది పెన్నీలు దాదాపు అన్నీ బర్మింగ్‌హామ్‌లో అచ్చయ్యాయి. అక్కడివాళ్ళు తమ గుర్తుగా తేదీ కింద చిన్న హెచ్ అక్షరం వేశారు. హెచ్ లేకుండా లండన్ టంకశాలలో పడినవి ఎన్నో లేవు. హెచ్ ఉన్నది పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వొచ్చు. హెచ్ లేనిది చూడాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. అందుకే దొంగబుద్ధి ఉన్నవాడు మామూలు పెన్నీ తీసుకుని, సన్నటి ఉలితో హెచ్ గీకేసి, అరుదైనదని అంటగడతాడు.

"ఒకసారి నాకివ్వండి, బాబాయిగారూ."

"ఇవ్వకండి బాబాయ్! ఆవిడ చేతిలో పడితే ఇంకేం అవుతుందో!"

"చూడనీ అమ్మా" అని భూతద్దం నవ్వాడు. "వేలంపాటల్లో అందరి నాణేలకూ తీర్పులు చెప్పే చెయ్యి కదా. ఇంటి నాణేనికి కూడా చెప్పనీ."

ఆ నవ్వులో విషం ఎక్కడిదో కోడలికి తెలుసు. పోయినేడాది నాణేల ప్రదర్శనలో, కొనేవాళ్ళందరి ముందూ, ఆయన షిల్లింగును తిప్పి చూసి "ఇది పాలిష్ పట్టించింది" అని ఒక్క ముక్క అంది. పాలిష్ పట్టిన నాణెం ఎంత మెరిస్తే అంత పనికిమాలినది. పై పొర పోయాక అది నాణెం కాదు, బిళ్ళ. ఆవేళ ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఇవాళ్టి దాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆమె నాణేన్ని అంచులు పట్టుకుని అందుకుంది. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పెట్టింది. తేదీ కింద చోటు కొద్దిగా గుంటపడి ఉంది. చుట్టూ ఉన్న రాగి నున్నగా ఉంటే, అక్కడ మాత్రం సన్నటి గీతలు ఒకే వైపుకు దువ్వినట్టు ఉన్నాయి.

"నిజమే" అంది. "గీకారు. ఇది దొంగదే."

"ఒప్పుకుంది!" అని ఆడబిడ్డ చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఒరేయ్, విన్నావా? నీ పెళ్ళాం ఒప్పుకుంది!"

"నాణెం దొంగదని ఒప్పుకున్నాను వదినా. నేను దొంగనని కాదు."

ఆమె మూడో సొరుగును పూర్తిగా బయటికి లాగి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ ఉన్నిగుడ్డ పరిచిన గుండ్రటి గుంటల్లో పెన్నీలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక వైపు రాణి ముఖం, రెండో వైపు ఢాలూ త్రిశూలమూ పట్టుకుని కూర్చున్న బ్రిటానియా. ఈ ఇంట్లో ఆవిడ పేరు త్రిశూలమ్మ.

"చూడండి. మామయ్యగారు ఎప్పుడూ త్రిశూలమ్మని పైకి పెట్టేవారు. తేదీ ఆ వైపే ఉంటుంది కాబట్టి. నాణేన్ని ముట్టుకోకుండా తేదీ చదువుకోవాలని. అవునా బాబాయిగారూ?"

"అవును. వాడి చాదస్తం అది."

"ఏళ్ళ తరబడి గాలి తగిలింది పై వైపుకే. ఉన్నిగుడ్డ మీద ఆనింది రాణి." ఆమె పక్క గుంటలోంచి ఒకటి తీసి తిప్పింది. త్రిశూలమ్మ వైపు ముదురు చాక్లెట్ రంగు, రాణి వైపు ఇంకా ఎర్రదనం మిగిలిన లేత రంగు. ఇంకోటి తీసింది. అదీ అంతే. మరోటీ అంతే. "ఇప్పుడు ఈ దొంగదాన్ని చూడండి. రాణి వైపు నల్లబడింది. త్రిశూలమ్మ లేతగా ఉంది. ఇది ఈ సొరుగులో పెరిగిన నాణెం కాదు. ఎక్కడో రాణి పైకి చూస్తూ ఏళ్ళ తరబడి పడుకుని ఉంది. ఈ మధ్యే తెచ్చి ఇక్కడ పెట్టారు. దొంగని పట్టుకోవాలంటే రాణుల్ని పైకి పెట్టుకునే..."

మాట అక్కడే తెగిపోయింది.

రాణి కొప్పు వెనక గోరంత సొట్ట ఉంది. ఆమె ఆ సొట్టను చూసింది. కొత్తగా నేర్చుకునే రోజుల్లో ఆమె చెయ్యి జారి గచ్చు మీద పడినప్పుడు అయిన సొట్ట అది. "దొంగదేలే, ఏడవకు. అసలుది పడేస్తే మాత్రం నేనే ఏడుస్తా" అని మామగారు నవ్విన సొట్ట. ఈ నాణెం ఆమెదే. అసలూ నకిలీ పోల్చుకోవడం నేర్పడానికి మామగారు ఆమెకిచ్చిన దొంగనాణేల ట్రేలోది. ఏళ్ళయింది ఆ ట్రే తీసి.

ఇంతసేపూ తన మెడకు పడిన ఉచ్చు విప్పుకుంటున్నాననుకుంది. ముడి ఇంకాస్త బిగించుకుంది.

"ఊఁ, ఆగిపోయావేం?" అంది ఆడబిడ్డ. బళ్ళో పిల్లల్ని కాపీ కొడుతుండగా పట్టుకున్న అనుభవం ఊరికే పోతుందా! "రాణుల్ని పైకి పెట్టుకునేది ఎవరో నేను చెప్పనా? నీకు నాన్న ఇచ్చిన ట్రేలో రాణులందరూ పైకి చూస్తూ ఉండరూ? 'తేదీ చూసి కాదు, ముఖం చూసి చెప్పు' అని నాన్న నీకు పాఠం చెప్పిన ట్రే! కన్నకూతుర్ని నేను. నాకు ఒక్కనాడైనా ఇలా కూర్చోబెట్టి చెప్పాడా? నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని."

ఆ ఆఖరి మాటలో కోపం కంటే వేరేదేదో ఎక్కువగా ఉంది. కానీ దాన్ని పట్టించుకునే స్థితిలో అక్కడ ఎవరూ లేరు.

"ఉంటారు" అంది కోడలు. "ఈ దొంగ పెన్నీ ఆ ట్రేలోదే. సొట్టను బట్టి గుర్తుపట్టాను."

అబద్ధం ఆడొచ్చుగా అని మీరు అడగొచ్చు. ఆడలేదు. నాణెం చేతిలో ఉండగా ఆమె ఏనాడూ అబద్ధం ఆడలేదు. వేలంపాటలో ఆమె 'మంచిది' అంటే రెండోసారి ఎవరూ అద్దం పెట్టి చూడరు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. ఈ గదిలోంచి 'ఇంటి దొంగ' అన్న మాట బయటికి పొక్కితే ఆ ఆస్తి ఒక్క పూటలో బూడిదవుతుంది. బీరువా పోతే పోయింది. ఆ మాట పడ్డాక ఏ నాణేన్ని చూసి ఏం చెప్పినా ఇక ఎవరూ నమ్మరు.

"ట్రే చూద్దాం అయితే" అన్నాడు భూతద్దం మెత్తగా.

"నేను తెస్తా" అని భర్త లేచాడు.

మంచినీళ్ళు కావాలన్నా కూర్చున్నచోటి నుంచి కేకేసే మనిషి. ఎవరూ అడక్కముందే లేచాడు. ఎక్కడుందని కూడా అడగలేదు. పడకగదిలోకి వెళ్ళి, బట్టల అలమార అడుగునుంచి ట్రే తీసుకుని, వెళ్ళినంతసేపట్లోనే తిరిగొచ్చాడు. కోడలు అది గమనించింది. గమనించి, కాదులే అనుకుంది. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి అలా అనుకోవడం ఏ ఆడదానికైనా కష్టమే.

ట్రే బల్ల మీదకు వచ్చింది. రాణులందరూ పైకి చూస్తున్నారు. దొంగ పెన్నీ లేచి వచ్చిన చోట ఖాళీ ఉంటుందని ఆమె అనుకుంది.

ఖాళీ లేదు. అన్ని గుంటలూ నిండుగా ఉన్నాయి.

రెండో వరస చివర ఒక రాణి మిగతావాళ్ళ కంటే లేతగా ఉంది. బొగ్గు తట్టలో టమాటా పడ్డట్టు కొట్టొచ్చినట్టు కనబడుతోంది, చూసే కళ్ళకి. ఈ గదిలో చూసే కళ్ళు రెండు జతలు. భూతద్దం కళ్ళు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి.

"ఏమిటీ, అన్నీ దొంగవేనా?" అంది ఆడబిడ్డ.

కోడలు నాలుకతో పెదాలు తడుపుకుంది. "అవును" అంటే ఈ పూటకు గండం గట్టెక్కుతుంది.

"ఒకటి మాత్రం కాదు" అంది. "రెండో వరస చివరిది. అది మామయ్యగారి పెన్నీ. అసలుది."

"దొరికింది!" ఆడబిడ్డ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అసలుది తీసి తన దాంట్లో దాచుకుని, దొంగది మా నాన్న సొరుగులో పెట్టింది! తండ్రిలా చూసుకున్నాడే నిన్ను! తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావు కదే!"

"నేను పెట్టలేదు వదినా."

"నీ ట్రే, నీ అలమార, నీ తాళం! మరి ఎవరు పెట్టారు, ఆ రాణిగారే నడుచుకుంటూ వెళ్ళిందా?"

కోడలు చూపుడువేలూ బొటనవేలూ అంచుల మీద ఆనించి ఆ పెన్నీని పైకి లేపింది. దొంగతనం నిందకంటే ముందు ఆమెకు గుర్తొచ్చింది ఒక్కటే. ఆ ట్రే అడుగున ఉన్నిగుడ్డ లేదు. దొంగనాణేలకు అంత మర్యాద దేనికని, వాటి కింది వైపు మైనం రాసి, బజార్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ షీటు కత్తిరించి పరిచింది తనే. ఆ ప్లాస్టిక్ చెమ్మకు జిడ్డు కక్కుతుంది. ఆ జిడ్డు మైనం లేని రాగిని తింటుంది. ఈ విద్యలో అక్షరాభ్యాసం లాంటి సంగతి అది. ప్లాస్టిక్ మీద రాగి పెట్టకు.

తిప్పింది.

త్రిశూలమ్మ ఒడి నుంచి తేదీ దాకా పచ్చటి పొర పట్టి ఉంది. నాచు పట్టిన గట్టులా. వానాకాలమంతా అక్కడే పడి ఉన్నట్టుంది. ఆ పచ్చదనం అంచున, తేదీ కింద, ఎవరూ గీకని, హెచ్ ఎన్నడూ లేని నున్నటి చోటు కొద్దిగా మిగిలి కనబడుతోంది. మిగతాదంతా లోపలికి దిగిపోయింది. తుడిస్తే పోయేది కాదు.

ఆమె నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. మామగారు పోయిన రోజున కూడా అంత పైకి ఏడవలేదు.

"ఏమిటి? ఏమైంది?" భూతద్దం ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలోంచి నాణెం లాక్కున్నాడు. అద్దం కంటికి ఆనించాడు. ముఖంలో ఉన్న మెత్తదనమంతా క్షణంలో ఎగిరిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. వెనక్కి తిరిగి, కిటికీ దగ్గర నిలబడ్డ కోడలి భర్త మీద విరుచుకుపడ్డాడు.

"ఒరేయ్ దౌర్భాగ్యుడా! ప్లాస్టిక్ మీదా పెట్టావు? దూదిలో చుట్టి పెట్టరా అని చిలక్కి చెప్పినట్టు చెబితే, ప్లాస్టిక్ మీదా? ఇది మళ్ళీ పుడుతుందిరా? నీ జన్మలో ఇలాంటిది ఇంకోటి చూస్తావుట్రా?"



భూతద్దం యాభై ఏళ్ళ పాటు నోరు అదుపులో పెట్టుకుని బతికాడు. కొనేటప్పుడు ముఖంలో ఆశ కనబడనివ్వలేదు, అమ్మేటప్పుడు భయం కనబడనివ్వలేదు. ఎవరెన్ని తిట్టినా నవ్వాడు. కానీ అసలు సిసలు నాణెం పాడైపోవడం కళ్ళారా చూసేసరికి ఆగలేకపోయాడు. నాణేల పిచ్చి ఉన్నవాడు తప్ప ఇంకెవడూ ఇలా దొరికిపోడు. పిచ్చి లేనివాడైతే ఆ పచ్చని మరక చూసి "అయ్యో" అని ఊరుకునేవాడు.

భర్త పక్కన తేలు కుట్టిన దొంగ కూడా కాస్త మెరుగ్గా కనబడతాడు.

కోడలు అతని వైపే చూసింది. "మీరా?" అంది. అడగాలని అడిగింది కాదు. ఎవరో ఆమె నోటితో అన్నట్టుగా వచ్చింది. "నేను స్నానానికి వెళ్ళినప్పుడు తాళం తీశారా? ఆయన చెబితే తీశారా? నన్ను దొంగని చెయ్యమంటే... సరేనన్నారా?"

"బీరువా నా పేరున ఉండాల్సింది" అన్నాడు భర్త, చూపు నేల మీద పెట్టి. "కొడుకుని నేనా, నువ్వా? ఇంటికొచ్చిన ప్రతివాడూ ముందు నిన్ను అడుగుతాడు. నేనేమో కాఫీ కప్పులు అందించాలి."

ఇన్నేళ్ళ మౌనం వెనక ఇంత ఉందని ఆమెకు తెలియదు. వాతావరణ సూచన చదువుతున్నాడనుకుంది. కళ్ళు మండాయి. ఈ మనిషి ముందు ఏడవకూడదని పళ్ళు బిగబట్టింది.

ఈలోగా భూతద్దం తేరుకున్నాడు. అనుభవం మామూలుది కాదు. జేబురుమాలు తీసి కంటి అద్దం తుడిచాడు, నాణేన్ని జాగ్రత్తగా ఉన్నిగుడ్డ మీద పెట్టాడు. పాత నవ్వు మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్, కోపంలో మనిషి ఏదో అంటాడు. అన్నానా? ఏమన్నాను? నాకే గుర్తులేదు. ట్రే నీది. అలమార నీది. తాళం నీ దగ్గరుందని నువ్వే అన్నావు, దొంగ పెన్నీ నీదేనని కూడా నువ్వే అన్నావు. రేపు వ్యాపారుల సంఘంలో నేను ఏం చెబితే అది నిజం. నీ మొగుడు నీ తరఫున నోరు విప్పుతాడా? అడిగి చూడు."

భర్త మళ్ళీ పేపరు అందుకున్నాడు.

"ఇక ఈ గదిలో మిగిలింది ఒక్క మనిషి" అంటూ భూతద్దం ఆడబిడ్డ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పెద్దమ్మాయ్. నీకేమైనా వినబడిందా? ఆవిడ దొంగయితే బీరువా అక్కాతమ్ముళ్ళది. కాదంటే నీ తమ్ముడు దొంగ. మీ నాన్న పేరు పోతుంది, బీరువా పోతుంది, వాడూ పోతాడు. బాగా ఆలోచించి చెప్పు. నీకు ఏం వినబడింది?"

కోడలి పేరు నిలబెట్టగల సాక్షి లోకంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే, పెళ్ళినాటి నుంచీ ఆమెను గుమ్మంలోంచి చూస్తూ కడుపు మండించుకున్న మనిషి.

ఆడబిడ్డ తమ్ముడి వైపు చూసింది. బల్ల మీద పచ్చబడిన పెన్నీ వైపు చూసింది. చివరికి కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఆవగింజంత చల్లదనం లేదు.

"నా దగ్గర మంచితనం ఆశించకు" అంది. "నిన్ను చూస్తే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మంటే."

"తెలుసు వదినా."

ఆవిడ చీరకొంగు బిగించుకుని, నింపాదిగా నడిచి తలుపు దగ్గరికి వెళ్ళింది. భూతద్దం నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. ఆవిడ తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"నాకు వినబడింది చెప్పమంటావా, బాబాయ్?" అంది. ఆ గడియ ఎవరిని బయటికి పోనివ్వకుండా పెట్టిందో కోడలికి అర్థం కాలేదు. అది వచ్చేవారం విందాం.